అచ్చులు బొమ్మక్కవి, హల్లులు వేదవల్లివి

వేదవల్లిది మంసాపురం. మదురై నాయకుల కాలంలో తమిళదేశం వచ్చి అక్కడ భూమి దున్నుకుని నిలిచిపోయిన తెలుగు రైతు కుటుంబాల్లో వాళ్లదొకటి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పదో తరగతి పాసయ్యాక తండ్రి ఆమెను రాజపాళయంలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చాడు. ఎండలో నిలబడితే కళ్లు తిరిగి పడిపోయే కూతురికి నీడపట్టున చేసుకునే పని ఏదైనా రావాలని ఆయన ఆలోచన.

పక్క మిషను మీద కూర్చునే అమ్మాయి పేరు బొమ్మక్క. తళవాయిపురం నుంచి బస్సులో వచ్చేది. వేదవల్లి కన్నా కొంచెం పెద్ద. అన్ని మిషన్లు దడదడలాడుతున్న ఆ హాల్లో వేదవల్లి ఒక అక్షరం తప్పు కొడితే చాలు, బొమ్మక్క తన కాగితం మీంచి చూపు తిప్పకుండానే “తప్పు” అనేది. ఎలా తెలిసేదో ఎవరికీ తెలియదు. మొదట్లో ఆమె మీద వేదవల్లికి కోపం వచ్చేది. తరువాత ఆమె రాని రోజున పని సాగేది కాదు. ఇద్దరూ ఒకే ఏడాది హయ్యర్ పరీక్ష పాసయ్యారు.

వేదవల్లికి తేని పట్టణం దగ్గర సంబంధం కుదిర్చారు. ఏడాది తిరక్కుండానే ఆమె ఒక్కతే సంచి పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. చుట్టాలు అడిగి అడిగి విసిగిపోయారు. అప్పటికి బొమ్మక్కకు రాజపాళయంలోనే పెళ్లయి, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా చిన్న గది తీసుకుని పత్రాలు టైపు చేసి ఇచ్చే కడ పెట్టింది. కొట్టును అక్కడ కడ అంటారు. విషయం తెలిసి మంసాపురం వచ్చింది. వేదవల్లి వాళ్లమ్మ ఇచ్చిన మజ్జిగ తాగింది. వానల గురించి మాట్లాడింది. లేచి వెళ్తూ, వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ, “రేపు పొద్దన్నే కడకు వచ్చేయ్ వేదా. ఇంకొక మిషను తెచ్చినాను,” అంది.

అలా మొదలైన పని ముప్పై ఏళ్లు దాటింది. కిరయ పత్రాలనే అమ్మకం కాగితాలు, దానపత్రాలు, వారసత్వ అర్జీలు, పెళ్లి పత్రికలు. ఒకరు చదివితే ఒకరు కొట్టేవారు. మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు ఇద్దరూ మళ్లీ బడిపిల్లల్లా కొత్త అమరిక నేర్చుకున్నారు. అందులో తమిళ అచ్చులన్నీ ఎడమచేతి కింద ఉంటాయి. హల్లులు, ఒకటి రెండు తప్ప, కుడిచేతి కింద ఉంటాయి. కుడిచేత్తో హల్లు కొట్టి వెంటనే ఎడమచేత్తో అచ్చు కొడితే గుణింతం తయారవుతుంది. తమిళంలో అచ్చును ఉయిర్ అంటారు, అంటే ప్రాణం. హల్లును మెయ్ అంటారు, అంటే ఒళ్లు. టైపు కొట్టేవాళ్లకు అవేవీ గుర్తుండవు. ఏ వేలు ఎటు పోవాలన్నదే వాళ్లకు కావాలి.

బొమ్మక్క భర్త జిన్నింగు మిల్లులో పనిచేస్తూ జబ్బుచేసి పోయాడు. ఒక్కతే కూతురు శరణ్య. చదువుకుని కోయంబత్తూరులో కంప్యూటరు కంపెనీలో ఉద్యోగంలో చేరింది. వేదవల్లిని ‘చిన్నమ్మా’ అని పిలుస్తూ ఆ కడలోనే పెరిగిన పిల్ల.

ఒక వానాకాలం ఉదయం బొమ్మక్క వంటింట్లో పడిపోయింది. కుడిపక్క పక్షవాతం. కొన్ని నెలలకు కాలు ఈడుస్తూ నడవగలిగింది, మాట కూడా తిరిగి చక్కబడింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని షేర్ ఆటోలో మళ్లీ కడకు రావడం మొదలుపెట్టింది. గోడవారన బల్ల మీద, వేదవల్లికి ఎడమపక్కన కూర్చుని చదివేది. వేదవల్లి కొట్టేది. అలా నడిచిపోయేదే.

మరుసటి ఏడు వేదవల్లి వానలో టౌను బస్సు దిగుతూ మెట్టు మీద జారి, ఎడమచెయ్యి కింద పెట్టి పడింది. మణికట్టు విరిగింది. ఎవరో మంచి కట్టు కడతాడంటే అతని దగ్గర కట్టించుకుంది. కట్టు విప్పాక చూస్తే మణికట్టు వంకరగా అతికి ఉంది. చిటికెన వేలూ ఉంగరపు వేలూ సరిగా వంగవు. అరచెయ్యి బల్ల మీద బోర్లా పెడితే మోచేతి దాకా సలుపు. ఒకామెకు కుడిచెయ్యి లేదు, ఇంకొకామెకు ఎడమచెయ్యి లేదు. వచ్చినవాళ్లు గడపలోంచి చూసి, పాపం అనుకుని, వీధి చివర కుర్రవాళ్ల కంప్యూటరు సెంటరుకు పోయేవారు. పక్కన టీకొట్టు కాశి మాత్రం మునుపటిలాగే రెండు గ్లాసులు తెచ్చి పెట్టేవాడు.

ఒక ఆదివారం శరణ్య వచ్చి, సంచిలోంచి ఒక కీబోర్డు తీసి బల్ల మీద పెట్టింది. రెండు ముక్కలుగా ఉంది. మధ్యలో నల్లటి వైరు ఒకటి కలుపుతోంది. వేదవల్లి అది విరిగిపోయిందనుకుంది. విరిగింది కాదు, అట్లాగే చేస్తారని శరణ్య చెప్పింది. తనకు చేతులు నొప్పి పుట్టినప్పుడు కొనుక్కుందట. ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క భుజానికి ఎదురుగా, ఎంత దూరం కావాలంటే అంత దూరం పెట్టుకోవచ్చు. కింద కాళ్లు లేపితే ఇంటి కప్పులా వాలుగా నిలుస్తుంది. అప్పుడు చెయ్యి బోర్లా పెట్టక్కర్లేదు, గ్లాసు పట్టుకున్నట్టు పక్కకు వాల్చి కొట్టొచ్చు.

“దీంట్లో నీ చెయ్యి నొయ్యదు చిన్నమ్మా. కొంచెం నాళ్లు పడతాది, అంతే.”

నొప్పి తగ్గిన మాట నిజమే. కానీ ఆ కీబోర్డు మీద వేదవల్లికి తన వేళ్లు తనవి కాకుండా పోయాయి. మామూలు కీబోర్డులో మీటలు ఏటవాలుగా ఉంటాయి. ఇందులో నిట్టనిలువు వరసలు. ల కొట్టబోతే ర పడేది. బొటనవేలి కింద ఉన్న మీటల్లో ఖాళీకి ఒకటి, కొత్త పంక్తికి ఒకటి. ఆమె ఖాళీ అనుకుని కొడితే పంక్తి మధ్యలో విరిగిపోయేది. చిన్నప్పుడు నేర్చుకున్న దాన్ని ఈ వయసులో మరిచిపోయి, మళ్లీ నేర్చుకోవాలి. కళ్లు మూసుకుని పేజీలు కొట్టిన మనిషి ఇప్పుడు ఒక్కొక్క మీట వెతుక్కుంటోంది. మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు అభ్యాసం చేసేది. కొన్నిసార్లు చేతులు ఒళ్లో పెట్టుకుని, ఇది పిల్లకాయల ఆటసామాను, నాకొద్దు అనేది. బొమ్మక్క మళ్లీ చదవడం మొదలుపెట్టేది.

నెల గడిచేసరికి కుడిచెయ్యి దారిలో పడింది. ఎడమచెయ్యి పడలేదు. అ, ఆ, ఇ, ఈ, అన్నీ చిటికెన వేలు, ఉంగరపు వేలు కిందే ఉన్నాయి. ఏ కీబోర్డయినా ఆ రెండు వేళ్లు వంగాలి కదా.

ఒక మధ్యాహ్నం బొమ్మక్క పాత కిరయ పత్రం ఒళ్లో పెట్టుకుని చదువుతోంది. ‘కిరయం’ అన్న మాట దగ్గర వేదవల్లి కుడిచేత్తో క కొట్టింది. ఇ కోసం ఎడమ ఉంగరపు వేలు కదిలించబోయింది. కదల్లేదు. ఇంకోసారి ప్రయత్నించింది. తెర మీద క ఒక్కటే ఉంది. బొమ్మక్క కాసేపు చూసింది. పత్రం పక్కన పెట్టి, తన ఎడమచెయ్యి చాచి, ఆ మీట నొక్కింది. క కాస్తా కి అయింది.

వేదవల్లి తలతిప్పి చూడలేదు. ర, య, మ కొట్టింది. చివరి మ పొల్లు కావాలంటే తమిళంలో దాని మీద చుక్క పెట్టాలి. ఆ చుక్క కూడా ఎడమపక్కదే. బొమ్మక్క నొక్కింది.

“ఇంకొక మాట కొట్టు,” అంది బొమ్మక్క.

ఆ సాయంత్రమే ఎడమ ముక్కను బొమ్మక్క ముందుకు జరిపారు. వైరు సరిగ్గా అందింది. ఇద్దరూ భుజాలు ఆనించుకుని ఒకే బల్ల మీద కూర్చున్నారు. బొమ్మక్క ఎడమచెయ్యి ఆ చివర, వేదవల్లి కుడిచెయ్యి ఈ చివర. మధ్యలో పనికిరాని చేతులు రెండూ ఒకదాని పక్కన ఒకటి పడి ఉండేవి.

చెప్పినంత సులువు కాదు. మొదట్లో అచ్చు ముందుగా పడి, హల్లు వెనకాల వచ్చేది. ఖాళీ ఇద్దరూ కొట్టేవారు, మాటల మధ్య పెద్ద సందులు పడేవి. దాని మీద ఒక రోజంతా పోట్లాడుకున్నారు. చివరికి బొమ్మక్క ఖాళీ వేదవల్లికి వదిలేసింది. పేజీని గట్టిగా, సాగదీసి, ఇద్దరూ కలిసి చదువుతూ కొడితేనే చేతులు కలిశాయి. ధనుర్మాసంలో గుంపుగా తిరువెంబావై పాటలు పాడే ఆడవాళ్లలా ఉందని కాశి నవ్వాడు. కొన్నాళ్లకు గొంతు అక్కర్లేకపోయింది, పెదవులు కదిలితే చాలింది. ఇంకొన్నాళ్లకు అదీ లేదు. వేదవల్లి ఊపిరి తీసుకునే తీరును బట్టి బొమ్మక్కకు తరువాతి మాట తెలిసిపోయేది.

హల్లుల్లో వ ఒకటి ఎడమపక్కన ఉండిపోయింది. ఒకనాడు పత్రం కింద తయారుచేసినవాళ్ల పేర్లు కొడుతుంటే బొమ్మక్క ఆ సంగతి కనిపెట్టింది.

“చూడు వేదా. నీ పేరు మొదలుపెట్టేది నేను. నా పేరు మొదలుపెట్టేది నువ్వు.”

వేదవల్లి తన పేరూ బొమ్మక్క పేరూ వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకుంది. నిజమే. ఆ రోజంతా ఆమె మొహంలో ఏదో వెలుగు ఉంది. తేని నుంచి వచ్చాక ఆమె అంతగా నవ్వడం ఎవరూ చూడలేదని తరువాత కాశి చెప్పాడు.

కడ మళ్లీ నిండింది. ముందు వింత చూడటానికి వచ్చారు, తరువాత పనికి వచ్చారు. వీధి చివరి సెంటరులో కొట్టిన పత్రాలు తప్పులతో ఆఫీసు నుంచి తిరిగొచ్చేవి. వీళ్లవి రావు. ఒకరు కొడితే ఒక జత కళ్లు చూస్తాయి, ఇక్కడ రెండు జతలు. ఏడాదికి పైగా అలా నడిచింది. వేదవల్లి బతుకులో మంచికాలం ఏదంటే అదేనని చెప్పాలి.

పంగుని నెల, ఎండ దంచుతోంది. ఒక పెద్దాయన ఇద్దరు కూతుళ్లకు ఇల్లు రాసిస్తున్నాడు. ఆయనా కూతుళ్లూ బయట టీకొట్టు దగ్గర నిలబడి ఉన్నారు. ఆఫీసులో టోకెను పిలిచే వేళ దగ్గర పడింది. ఉన్నట్టుండి తెర మీద గుణింతాలు తప్పు రావడం మొదలైంది. కి రావలసిన చోట కూ, మా రావలసిన చోట మై. వేదవల్లి చెరిపి మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పు.

“అక్కా, చూసి కొట్టు. వాళ్లు కాచుకోని ఉండారు.”

జవాబు లేదు. మళ్లీ తప్పు పడింది.

“నిద్రపోతా ఉండావా ఏమి? పని చెడగొట్టొద్దు,” అంది వేదవల్లి, తెర వంకే చూస్తూ.

అప్పుడు తెర మీద అ అ అ అ అని ఒకే అక్షరం పరుగెత్తి పంక్తి నిండిపోయింది. కింది పంక్తీ నిండిపోయింది. వేదవల్లి పక్కకు తిరిగింది. బొమ్మక్క తల గోడకు ఆనుకుని ఉంది. మూతి ఒక పక్కకు జారింది. కళ్లు మాత్రం తెర మీదే ఉన్నాయి, తప్పు ఎక్కడుందో వెతుకుతున్నట్టు. చిటికెన వేలు మీట మీదే ఉండిపోయింది.

మదురైలో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లారు. ప్రాణం దక్కింది. ఎడమచెయ్యి బాగానే ఉంది. మాట పోయింది. ఒక్క మాట తప్ప అన్నీ పోయాయి. ఆ మాట ‘సరి’. ఇన్నేళ్లూ టైపు చేసిన కాగితం సరిచూసుకునేటప్పుడు ఒకరు చదువుతుంటే, పంక్తి పంక్తికీ బొమ్మక్క అనే మాట అది. ఎక్కువగా వాడిన మాట ఒక్కోసారి అలా మిగిలిపోతుందని డాక్టరు చెప్పాడు. అన్నం పెడితే సరి. నొప్పిగా ఉందా అంటే సరి. శరణ్య ఏడుస్తుంటే సరి.

బొమ్మక్క కూర్చోగలిగాక, వేదవల్లి ఒకటే పట్టుబట్టింది, ఒకసారి కడకు తీసుకెళ్దామని. శరణ్యకు ఇష్టం లేదు, అయినా ఆటో పిలిచింది. ఇద్దరూ కలిసి ఆమెను బల్ల మీద పాత చోటులో కూర్చోబెట్టారు. వేదవల్లి ఎడమ ముక్కను ఆమె చేతి కింద పెట్టింది. చెయ్యి దానంతట అదే సర్దుకుంది. వేళ్లు ఒక్కొక్కటీ తమ తమ మీటల మీద ఆనాయి, ఏమీ జరగనట్టే.

“అక్కా, నీ పేరు కొడదాం. నేను ప కొడతాను. నువ్వు ఒ కొట్టు. సరేనా?”

“సరి.”

వేదవల్లి ప కొట్టింది, తమిళంలో బకూ అదే అక్షరం. బొమ్మక్క తన చెయ్యి వంక చూసుకుంది. ఏదో మీట నొక్కింది. పు అని పడింది.

“సరి,” అంది బొమ్మక్క.

వేదవల్లి చెరిపింది. మళ్లీ ప కొట్టింది. ఈసారి పీ పడింది. చెరిపింది, కొట్టింది. ఎన్నిసార్లు చేసిందో. ప్రతిసారీ వేరే అక్షరం పడేది, ప్రతిసారీ బొమ్మక్క నెమ్మదిగా, ఎంతో శ్రద్ధగా నొక్కి, సరి అనేది. గుమ్మంలో నిలబడిన శరణ్య వీధి వైపు తిరిగిపోయింది. చివరికి వేదవల్లి చెరపకుండా ఆపేసింది. తెర మీద పై అని ఉంది.

“సరి అక్కా,” అంది. “సరిగానే కొట్టినావు.”

ఆ వారంలోనే శరణ్య తల్లిని కోయంబత్తూరు తీసుకెళ్తానంది. ఉద్యోగం అక్కడ, ఇంటి నుంచి చేసుకోవచ్చు, చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకోవచ్చు. వేదవల్లి వద్దంది. నా దగ్గర ఉంచు, నేను చూసుకొంటానంది. ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి రెండుసార్లు అడిగింది. శరణ్య ఆమె వంకర మణికట్టును తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“చిన్నమ్మా, అమ్మను పక్కకు తిప్పి పండుకోబెట్టాలన్నా రెండు చేతులు కావాలి కదా.”

వేదవల్లే బొమ్మక్క చీరలు మడిచి సంచిలో పెట్టింది. కారు కదిలేటప్పుడు బొమ్మక్క అద్దంలోంచి ఆమె వంక చూసింది. గుర్తుపట్టిందో లేదో తెలియలేదు.

కొన్ని రోజులు వేదవల్లి కడ తెరవలేదు. తెరిచిన రోజున అలవాటుగా కూర్చుని, బల్ల మీద ఉన్న ఒక అర్జీ చూసి కొట్టడం మొదలుపెట్టింది. పంక్తి పూర్తయ్యాక తెర చూసింది. అన్నీ హల్లులే. గుణింతం లేదు, చుక్క లేదు. తను ఒక హల్లు కొట్టి, ఒక్క క్షణం ఆగి, తరువాతి హల్లు కొడుతూ వచ్చింది. ఆ ఆగిన క్షణాలన్నీ బొమ్మక్కకు విడిచినవని అప్పుడు తెలిసింది. తలుపు సగం మూసేసి, వచ్చినవాళ్లకు కరెంటు లేదని చెప్పమని కాశితో చెప్పింది.

తరువాత ఎడమ ముక్కను తన వైపు జరుపుకుంది. వాలు బాగా ఎత్తి పెట్టుకుంది. వంగని రెండు వేళ్లకు బదులు మధ్యవేలిని అటూ ఇటూ దూకిస్తూ కొట్టసాగింది. ఫోనులో శరణ్య ఒక మార్గం చెప్పింది. ఈ కీబోర్డులో ఏ అక్షరం ఎక్కడ ఉండాలో మార్చుకోవచ్చు. అ, ఇ లాంటివి మంచి వేళ్ల కిందికి తెచ్చుకుంటే సులువవుతుంది. తానే దారి చెబుతానంది.

“వద్దు కన్నా. అక్క వస్తే ఆమెకు తెలియకుండా పోతాది. ఉన్న చోటే ఉండనీ,” అంది వేదవల్లి.

శరణ్య అమ్మ తిండి సంగతీ మందుల సంగతీ చెప్పి ఫోను పెట్టేసింది.

అలా కష్టపడి కొట్టిన మొదటి పూర్తి పేజీని మడత పడకుండా అట్టలో పెట్టుకుని, అయిదు నెలలు గడిచాక ఆవణి నెలలో వేదవల్లి కోయంబత్తూరు బస్సెక్కింది. అది ఎవరిదో పెళ్లి పత్రిక నకలు. తప్పు ఒక్కటి లేదు. బొమ్మక్క కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. బాగా చిక్కిపోయింది. జుట్టు కత్తిరించారు. వేదవల్లి ఎదురుగా కూర్చుని, ఊరి సంగతులు చెప్పింది. కాశి కూతురికి కొడుకు పుట్టాడని, ఆఫీసుకు సున్నం వేశారని. బొమ్మక్క అన్నిటికీ సరి అంది. ఆ తరువాత వేదవల్లి పేజీ తీసి ఆమె చేతికిచ్చింది.

“నేను ఒంటరిగా కొట్టినాను అక్కా. చూడు.”

బొమ్మక్క పేజీని తలకిందులుగా పట్టుకుంది. కాసేపు చూసింది. సరి అనలేదు. ఒంటిచేత్తో, మోకాలి మీద పెట్టి, దాన్ని నాలుగుగా మడిచింది. బస్సు టికెట్టు దాచుకున్నట్టు చీర కుచ్చిళ్ల దగ్గర దోపుకుంది. సాయంత్రం ఆయా చీర మార్చబోతే ఆ చెయ్యి దాన్ని వదల్లేదు. శరణ్య అడిగినా వదల్లేదు.

ఆ రాత్రి ఉండమన్నా వేదవల్లి ఉండలేదు. బయల్దేరే ముందు శరణ్యను వంటింటి వైపు పిలిచింది.

“ఆ అక్షరాలు మార్చేదానికి దారి చెప్తానన్నావు కదా. చెప్పు.”

శరణ్యకు ఆ మాట అర్థమైంది. రెండు రోజుల తరువాత ఫోనులో దారి చెప్పి మార్పించింది. అ చూపుడు వేలి కిందికి వచ్చింది, ఇ మధ్యవేలి కిందికి. ఆ అక్షరాల చోట్లు ఇప్పుడు ఆ ఊళ్లో వేదవల్లి ఒక్కదానికే తెలుసు. పని తేలికైంది. చేతికి నొప్పి లేదు. మామూలు కీబోర్డు మీద ఆమె ఇంక ఒక్క పేరు కూడా కొట్టలేకపోయేది.

మరో రెండు నెలలకు, అయిప్పసి వానల్లో, బొమ్మక్క నిద్రలోనే పోయింది. పొద్దున శరణ్య ఫోను చేసేసరికి రాజపాళయంలో కుండపోత. వేదవల్లి బయల్దేరింది కానీ, దారిలో వంతెన మీద నీళ్లు పారుతున్నాయని బస్సులు ఆపేశారు. ఆమె చేరేసరికి అన్నీ అయిపోయాయి. కుర్చీ కిటికీ దగ్గరే ఉంది. వేదవల్లి దాని మీద కూర్చోలేదు, పక్కన నేల మీద కూర్చుంది.

పదహారో రోజు కర్మ తళవాయిపురంలో, బొమ్మక్క పుట్టింటి వాళ్ల వీధిలో. శరణ్య కోయంబత్తూరులోనే పత్రికలు అచ్చువేయించి పంపింది. కడకు వచ్చిన పత్రికను వేదవల్లి అలవాటుగా పై నుంచి కిందికి చదివింది. తళవాయిపురంలో ‘ళ’ బదులు ‘ల’ పడింది. “అక్కా, ఇది చూసినావా,” అంటూ ఎడమపక్కకు తిరిగింది. గోడ మాత్రమే ఉంది. ఆ రోజు ఏడ్చింది. అంతకు ముందు ఏడవలేదు.

కర్మ రోజున పందిట్లో చుట్టాలు వరసగా కూర్చున్నారు. పుట్టింటి వాళ్లు కొత్త బట్టలు పెట్టారు. అన్నదమ్ముల పిల్లలను పేరుపేరునా పిలిచారు. వదినెలు, మరదళ్లు ముందుకు రావాలని పెద్దావిడ ఒకరు కేకవేసింది. వేదవల్లి స్తంభం పక్కన నిలబడి ఉంది. పక్కనున్న ముసలావిడ రంగమ్మాళ్, ఊరికి పెద్ద, ఆమెను కిందా మీదా చూసి, మీరు ఈమెకు ఏమవుతారమ్మా అని మర్యాదగానే అడిగింది.

“ఇద్దరం ఒకే కడలో పని చేసినాము,” అంది వేదవల్లి.

“ఓ, కడలోనా,” అని రంగమ్మాళ్ మళ్లీ పందిరి వైపు తిరిగింది.

ఎవరూ వేదవల్లిని పిలవలేదు. పిలవాలని ఎవరికీ తోచలేదు, అది వాళ్ల తప్పు కూడా కాదు. రెండో పంక్తిలో భోజనం చేసి, ఆకు మడిచి, చెప్పులు వెతుక్కుని ఆమె బస్టాపు వైపు నడిచింది. వెనకాల శరణ్య తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చింది.

“చిన్నమ్మా, చెప్పకుండా వెళ్తా ఉండావే.”

“బస్సుకు టైం అయింది కన్నా.”

శరణ్య ఆమె చెయ్యి పట్టుకుంది. తరువాత మెల్లగా అడిగింది, “పత్రికలో ఊరి పేరు తప్పు పడింది కదా? అచ్చయినాక చూసినాను. అమ్మ ఉంటే నన్ను తిట్టేది.”

“లేదమ్మా,” అంది వేదవల్లి. “సరిగ్గానే ఉండాది. నేను చదివినాను.”

ఆ పిల్ల కళ్లు నీళ్లతో నిండాయి. నమ్మిందో లేదో, తల ఊపింది. బస్సు వచ్చింది. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. వేదవల్లి ఎక్కి, కుడిచేత్తో పై కడ్డీ పట్టుకుని నిలబడింది. రెండు స్టాపుల తరువాత, కూరగాయల బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒక ఆడమనిషి ఆమె మొహం వంక చూసి, కొంచెం జరిగి చోటిచ్చింది. ఎందుకు ఏడుస్తున్నావని అడగలేదు. వేదవల్లి ఆమె పక్కన కూర్చుని, రాజపాళయం వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి ఉంది.